షుగర్ పూలకి మెరుపు: డస్ట్ డబ్బాల గందరగోళం ఒకసారి విప్పి చూద్దాం

కేక్ మీద పెట్టే చక్కెర ముద్ద పూలకి పూయడానికని కేక్ సామాన్ల షాపుకెళ్లి మెరిసే పౌడర్ కావాలి అంటే కౌంటర్ మీద అరడజను బుల్లి డబ్బాలు పెట్టేస్తారు. లస్టర్ డస్ట్, పెర్ల్ డస్ట్, పెటల్ డస్ట్, హైలైటర్, డిస్కో డస్ట్, ఎడిబుల్ గ్లిటర్... మూత తీసి చూస్తే అన్నీ ఒకలాగే కనిపిస్తాయి, రేట్లకి మాత్రం ఒకదానికొకటి పొంతనే ఉండదు. ఒకదాని మీద ఎడిబుల్ అని ఉంటుంది, ఇంకోదాని మీద నాన్ టాక్సిక్ అని ఉంటుంది, మూడోదాని మీద రంగు పేరు తప్ప ఇంకేం ఉండదు. షాపాయన్ని అడిగితే "అందరూ ఇదే తీసుకెళ్తారండీ" అంటాడు. ఇంటికొచ్చి యూట్యూబ్ పెడితే ఇంకో తలనొప్పి, ఒకావిడ పొడిగా రుద్దమంటుంది, ఒకావిడ వోడ్కాలో కలపమంటుంది, ఒకాయన ఆవిరి పట్టమంటాడు, ఇంకొకాయన గ్లేజ్ కొట్టమంటాడు. నిజానికి నలుగురు చెప్పేదీ కరెక్టే, కాకపోతే ఎవరు దేని మీద చేస్తున్నారు, అది ఎంత ఆరాక చేస్తున్నారు అనేది చెప్పరు, చిక్కంతా అక్కడే.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే సగం గొడవ తీరిపోతుంది. మెరుపు అనేది రంగు కాదు. రంగు పొడి ఎలా పూసినా, ఎక్కడ పడినా రంగే కనిపిస్తుంది. మెరుపు అలా కాదు, కంటికి ఆనని పల్చటి రేకులు నున్నటి దాని మీద బల్లపరుపుగా పడుకుంటేనే వస్తుంది. రేకులు అడ్డదిడ్డంగా నిలబడితే అదే పొడి బూడిద చల్లినట్టు కనిపిస్తుంది. డస్ట్ సరిగ్గా మెరవట్లేదు, కంపెనీ బాలేదు అనే కంప్లయింట్లలో చాలావరకు తప్పు డబ్బాది కాదు, కింద ఉన్న షుగర్‌ది.

ఆ రేకులు దేనివి అంటే అభ్రకం. అవును, మన నెల్లూరు, గూడూరు వైపు గనుల్లో తవ్వి తీసేవాళ్లే, ఆ జాతి ఖనిజమే. పొరలు పొరలుగా ఊడొస్తుంది కాబట్టి మెత్తగా నూరినా గుండ్రటి గింజలు కాకుండా చిన్న చిన్న పలకల్లాగే మిగులుతుంది, దాని గొప్పతనం అదే. ఆ పలకల మీద టైటానియం డయాక్సైడ్ గానీ ఐరన్ ఆక్సైడ్ గానీ అతి పల్చగా పూత వేస్తారు. పూత మందం నానోమీటర్లలో ఉంటుంది, పదుల నుంచి వందా నూట యాభై దాకా. పూత పైభాగం నుంచి కొంత వెలుతురు వెనక్కొస్తుంది, అడుగు నుంచి కొంత వస్తుంది, ఆ రెండూ కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని కొట్టుకుపోతాయి. వానాకాలంలో రోడ్డు మీద నీటి గుంటలో పెట్రోల్ పడితే తేలే రంగులు కూడా ఇదే లెక్క. అందుకే టైటానియం పూత పల్చగా ఉంటే వెండి తెలుపు, కొంచెం మందమైతే బంగారం ఛాయ, ఇంకా పెరుగుతూ పోతే ఎరుపు, నీలం, ఆకుపచ్చ మెరుపులు వస్తాయి. అందులో వేసింది రంగు కాదు, పూత మందం మార్చారంతే. రాగి, కంచు, ముదురు బంగారం మాత్రం ఐరన్ ఆక్సైడ్ పూత వల్ల వస్తాయి, అందులో ఐరన్ ఆక్సైడ్‌కి ఉండే సొంత రంగు కూడా కలుస్తుంది.

దీన్ని బట్టే డబ్బాల పేర్లు కూడా విప్పుకోవచ్చు. పెటల్ డస్ట్‌లో మెరుపు ఉండదు, అది మ్యాట్ రంగు, పూల రెక్కలకి నీడలు, అంచులు వేయడానికి. పెర్ల్ డస్ట్ అంటే తెల్లటి ముత్యం మెరుపు, రంగు దాదాపు ఉండదు. లస్టర్ డస్ట్‌లో రంగూ మెరుపూ రెండూ ఉంటాయి. హైలైటర్ అని అమ్మేవి ఇంకా గట్టిగా, లోహంలా మెరుస్తాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను. డిస్కో డస్ట్ అనేది అసలు ఈ కుటుంబమే కాదు, చాలావరకు అది ప్లాస్టిక్ గ్లిటర్. కాకపోతే ఈ పేర్లకి చట్టం ఏమీ లేదు, ఒక కంపెనీ లస్టర్ అన్నదాన్ని ఇంకో కంపెనీ పెర్ల్ అంటుంది, కాబట్టి పేరు చూసి కాకుండా చిటికెడు వేలికి రాసుకుని చూసి కొనుక్కోవడం మంచిది.

ఇప్పుడు కింద ఉండే షుగర్ సంగతికొద్దాం. గమ్ పేస్ట్ (పూల రెక్కలకి వాడే, ఆరితే గట్టిపడే చక్కెర ముద్ద) గానీ ఫాండెంట్ (కేక్ మీద పరిచే మెత్తటి చక్కెర ముద్ద) గానీ అంటుకోకుండా ఒత్తడానికి మనం కార్న్ ఫ్లోర్ చల్లుతాం కదా, మెరుపుకి మొదటి శత్రువు అదే. కార్న్ ఫ్లోర్ గింజలు రేకుల కింద చేరితే రేకు బల్లపరుపుగా కూర్చోలేదు, పైగా ఆ తెల్లదనం మెరుపుని తినేస్తుంది. మెరవాల్సిన పీసులకి పలక మీద వెజిటబుల్ షార్టెనింగ్ (వనస్పతి లాంటి కొవ్వు) ఒక చుక్క వేలితో రాసి ఒత్తుకోండి, పిండి వాడక తప్పకపోతే ఆరాక మెత్తటి పొడి బ్రష్‌తో దులిపేయండి. రాయల్ ఐసింగ్‌తో (గుడ్డు తెల్లసొనా పంచదార పొడీ కలిపి చేసే, ఆరితే గట్టిపడే ఐసింగ్) వేసిన డిజైన్లు ఆరాక సన్నటి బొరియలతో గరుగ్గా ఉంటాయి, వాటి మీద పొడి డస్ట్ ఎంత రుద్దినా సుద్దలాగే కనిపిస్తుంది, అక్కడ తడిపి పెయింట్ చేయడమే దారి. వెయినర్ అనే అచ్చుతో ఈనెలు ఒత్తిన రెక్కల మీద మాత్రం గమ్మత్తుగా ఉంటుంది, ఎత్తుగా ఉన్న చోట మెరుస్తుంది, గీతల లోపల మెరవదు, ఆ తేడా వల్లే రెక్క పట్టుబట్టలా కనిపిస్తుంది, దాన్ని చెడగొట్టుకోవద్దు.

కింద రంగు ఏంటనేది కూడా ముఖ్యం. తెల్ల ఫాండెంట్ మీద బంగారం డస్ట్ పొడిగా రాస్తే బంగారం రాదు, లేత పసుపు పొగలా వస్తుంది, ఎందుకంటే రేకుల మధ్య సందుల్లోంచి తెలుపు బయటికి కనిపిస్తూనే ఉంటుంది. అదే పేస్ట్‌లో ముందే ముదురు పసుపు రంగో లేత బ్రౌన్ రంగో కలిపేసి ఆరాక దాని మీద బంగారం వేస్తే సగం డస్ట్‌తోనే పని అయిపోతుంది. వెండికి కింద బూడిద రంగు, రాగికి ఇటుక రంగు, ముత్యానికి తెలుపు లేదా ఐవరీ. చూడాలనుకుంటే ఒక చిన్న టెస్ట్ చేయండి, నీలం మెరుపు ఉన్న పెర్ల్ డస్ట్‌ని ఒక తెల్ల ముక్క మీదా ఒక నల్ల ముక్క మీదా రాయండి, తెల్లదాని మీద ఏదో కాస్త తళుక్కుమంటుంది తప్ప నీలం తెలీదు, నల్లదాని మీద నెమలి కంఠంలా నీలం లేచి కూర్చుంటుంది. డబ్బా ఒక్కటే, డస్ట్ ఒక్కటే.

ఇక పొడిగానా తడిగానా. పొడిగా రాస్తే మెత్తటి, లోపల్నుంచి వచ్చినట్టుండే మెరుపు, పూలకి ఇదే బాగుంటుంది. తడిపి వేస్తే నగలా గట్టి మెరుపు, అక్షరాలకి, బోర్డర్లకి, జరీ డిజైన్లకి అది కావాలి. పొడిగా రాసేటప్పుడు టైమింగే అంతా. పేస్ట్ మరీ తాజాగా ఉంటే జిగురుకి పొడి ముద్దముద్దగా అంటుకుని మచ్చలు పడుతుంది, పూర్తిగా ఎండిపోతే పట్టుకోదు, ఊదితే పోతుంది. పైపొర తోలులా అయి వేలితో తాకితే అంటుకోకుండా ఉండే దశ ఒకటుంటుంది, అప్పుడు రాయాలి. బ్రష్‌ని డబ్బాలో ముంచి నేరుగా రెక్క మీద పెట్టకండి, ముందు టిష్యూ మీద రెండు సార్లు తిప్పి అదనపు పొడి వదిలించి, రెక్క అంచు నుంచి లోపలికి, ఈనెల వెంట, ఒకే దిక్కుగా లాగండి. గుండ్రంగా రుద్దితే రేకులు చెల్లాచెదురుగా పడుకుంటాయి, ఒకే దిక్కుగా లాగితే వరసగా పడతాయి, తేడా కంటికి తెలుస్తుంది. మ్యాట్ పెటల్ డస్ట్ వేసేదుంటే అది ముందు, మెరుపు ఎప్పుడూ చివర, తలకిందులు చేస్తే మ్యాట్ పొడి వెళ్లి రేకుల మీద కూర్చుంటుంది, పెట్టిన ఖర్చు వృథా. బాగా ఎండిపోయిన పీసైతే షార్టెనింగ్ అతి పల్చగా వేలితో పామి దాని మీద పొడి రాస్తే గట్టిగా పట్టుకుంటుంది, కాకపోతే కొవ్వు ఆరేది కాదు కదా, చేత్తో తాకితే చెదిరిపోతుంది.

తడిపి వేయడానికి ఆల్కహాల్ ఎందుకు, నీళ్లు ఎందుకు కాదు అని చాలామంది అడుగుతారు. చక్కెర నీళ్లలో కరుగుతుంది, ఆల్కహాల్‌లో దాదాపు కరగదు, విషయం అంతే. నీళ్లతో కలిపి పూస్తే పైపొర కరిగి పాకంలా జిగటవుతుంది, రేకులు అందులో మునిగిపోతాయి, ఆరేసరికి మెరుపు పోయి చారలు మిగులుతాయి. ఆల్కహాల్ అయితే రేకుల్ని పరిచి తను ఆవిరైపోతుంది. మామూలు వోడ్కాలో ఆల్కహాల్ సుమారు 40 శాతమే, మిగతాది నీళ్లే, అందుకే అది పని చేస్తుంది గానీ నెమ్మదిగా ఆరుతుంది, ఒకే చోట మళ్లీ మళ్లీ బ్రష్ తిప్పితే అడుగు లేచిపోతుంది. విదేశాల్లో దొరికే లెమన్ ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆల్కహాల్ ఇంకా ఎక్కువ, అందుకే అక్కడివాళ్లు అది వాడతారు, కానీ మన దగ్గర లెమన్ ఎసెన్స్ అని దొరికే సీసాల్లో చాలా వాటిలో ఉండేది నీళ్లో ప్రొపిలీన్ గ్లైకాలో, ఆ గ్లైకాల్ ఒక పట్టాన ఆరదు, రెండ్రోజులైనా జిగటగానే ఉంటుంది. లేబుల్ చదవండి. శానిటైజర్‌తో కలపమని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు, అందులో ఆల్కహాల్ ఉందిగా అని, దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు, అది తాగడానికి తినడానికి పనికిరాకుండా చేసిన సరుకు.

కలిపేటప్పుడు ముందు డస్ట్, తర్వాత చుక్కచుక్కగా ఆల్కహాల్, పాలమీగడ అంత చిక్కగా ఉండాలి. పల్చగా అయితే రేకులు అడుగుకి దిగిపోయి పైన రంగు నీళ్లు మిగులుతాయి. పని మధ్యలో గిన్నెలో ఆరిపోతుంది, కంగారేం లేదు, ఇంకో రెండు చుక్కలు వేస్తే మళ్లీ లేస్తుంది, చివర్లో మిగిలింది ఆరాక గీకి డబ్బాలో వేసుకోవచ్చు. ఒక మందపాటి కోటు కంటే రెండు పల్చటివి మంచివి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. ఆల్కహాల్ చాలావరకు ఎగిరిపోయినా సరే, కస్టమర్ ఇంట్లో పట్టింపు ఉంటే ముందే చెప్పడం పద్ధతి, అలాంటి ఆర్డర్లకి పొడి పద్ధతీ ఆవిరీ చాలు. చాక్లెట్ పీసుల సంగతి వేరు, వాటికి పొడిగా రాయడం, లేదా కోకో బటర్‌లో కలిపి వేయడం.

ఆవిరి గురించి. పొడి డస్ట్ రాసిన గమ్ పేస్ట్ పువ్వుని కెటిల్ ఆవిరికి కాస్త దూరంగా పట్టుకుని మూడు నాలుగు సెకన్లు తిప్పితే పైన చక్కెర ఒక వెంట్రుకవాసి కరిగి మళ్లీ గట్టిపడుతూ రేకుల్ని పట్టేసుకుంటుంది, సుద్దలా కనిపించేది పోయి నిజం రెక్క మీద ఉండే నిగారింపు వస్తుంది. అంతకంటే ఎక్కువ పెడితే తడి బుడిపెలు లేస్తాయి, రెక్క తీగ దగ్గర మెత్తబడి జారిపోతుంది. గ్లేజ్ మాత్రం వేరే వ్యవహారం, అది నిగనిగ, మెరుపు కాదు, ఈ రెండిటినీ ఒకటే అనుకోవడం వల్ల చాలా మంచి పూలు ప్లాస్టిక్ పూలలా తయారవుతున్నాయి. కన్ఫెక్షనర్స్ గ్లేజ్ అంటే షెల్లాక్, లక్క పురుగు స్రవించే లక్క నుంచి తీసేది, ఆల్కహాల్‌లో కరిగించి అమ్ముతారు. చెర్రీలకి, ఆకులకి, బటన్లకి బాగుంటుంది, గులాబీ రెక్కకి నాకైతే అస్సలు నచ్చదు. పైగా పురుగు నుంచి వచ్చేది కాబట్టి వీగన్ కేక్ అని ఆర్డర్ తీసుకుని ఇది వాడకూడదు.

ఇప్పుడు అసలైన గొడవ, తినొచ్చా లేదా. నాన్ టాక్సిక్ అంటే తినే వస్తువని కాదు. పిల్లల క్రేయాన్స్ మీద కూడా నాన్ టాక్సిక్ అనే ఉంటుంది. పొరపాటున కాస్త నోట్లోకెళ్తే వెంటనే ప్రమాదం లేదని చెప్పుకోవడం అది, ఆహారంగా పరీక్షించారని కాదు. డెకరేషన్ కోసం మాత్రమే అని రాస్తే దాన్ని తినకముందే తీసేసే భాగం మీద మాత్రమే వాడాలి. ఇది ఊరికే చాదస్తం కాదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 అక్టోబర్‌లో ఇచ్చిన రిపోర్ట్‌లో రెండు కేసులున్నాయి. 2018లో రోడ్ ఐలండ్‌లో ఒక బర్త్‌డే కేక్ తిన్న పిల్లలకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి, కేక్ మీద పూసిన రోజ్ గోల్డ్ డస్ట్‌ని పరీక్షిస్తే అది చాలావరకు మెత్తటి రాగి పొడి. 2019లో మిస్సోరీలో ఏడాది వయసున్న బిడ్డ రక్తంలో సీసం కనపడితే ఆరా తీశారు, బర్త్‌డే కేక్ మీద పూలకి వేసిన ప్రిమ్‌రోజ్ అనే లేత పసుపు పెటల్ డస్ట్ దగ్గరికెళ్లి తేలింది, అందులో బరువులో నాలుగో వంతు సీసమే. గమనించారా, రెండోది మెరిసే పొడి కూడా కాదు. మెరిసేవే డేంజర్, మ్యాట్ రంగులు పర్వాలేదు అనే లెక్క కూడా తప్పని దీంతో తేలిపోయింది.

హైలైటర్ల సంగతి చెప్తానన్నాను కదా. అంత లోహపు మెరుపు ఎలా వస్తుందని ఆలోచించాలి. అభ్రకం రేకు పల్చటిది, వెలుతురుని కొంత లోపలికి వదిలేస్తుంది, కాబట్టి దాని మెరుపు ఎప్పుడూ కాస్త మృదువుగానే ఉంటుంది. రాగి, ఇత్తడి లాంటి లోహపు పొడి వెలుతురుని వదలదు, అద్దంలా కొడుతుంది. హైలైటర్లన్నీ లోహమే అని నేననను, కానీ లేబుల్ మీద పదార్థాల జాబితా లేకుండా అద్దంలా మెరుస్తోందంటే నేనైతే కేక్ దగ్గరికి రానివ్వను. రెసిన్ పనికీ సబ్బులకీ అమ్మే చవక మైకా (అభ్రకం) పౌడర్లు కూడా అంతే, ఖనిజం అదే అయినా శుద్ధి లెక్కలు వేరు, ఆహారానికి వాడేదాంట్లో సీసం, ఆర్సెనిక్ లాంటివి ఎంతవరకు ఉండొచ్చు అనేదానికి పరిమితులుంటాయి. మన దగ్గర కొనేటప్పుడు మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబర్, పదార్థాల పేర్లు, ఎక్స్‌పైరీ ఉండాలి. పదార్థాల్లో 555 కనిపిస్తే అభ్రకం జాతి సిలికేట్, 171 టైటానియం డయాక్సైడ్, 172 ఐరన్ ఆక్సైడ్లు. పెద్ద డబ్బాలోంచి తీసి చిన్న డబ్బాల్లో నింపి చేత్తో పేరు రాసిన స్టిక్కర్ అంటించి అమ్మేవి ఎంత చవకైనా వదిలేయండి.

కొందరు నీళ్ల టెస్ట్ చెప్తారు, కరిగితే తినేది, కరగకపోతే ప్లాస్టిక్ అని. అది గ్లిటర్ వరకే పనికొస్తుంది. తినే గ్లిటర్ ఎక్కువగా గమ్ అరబిక్‌తో చేస్తారు, తుమ్మ జాతి చెట్టు జిగురు అది, నీళ్లలో నానితే మెత్తబడి కరిగిపోతుంది, డిస్కో డస్ట్ ఎన్ని గంటలైనా అలాగే ఉంటుంది. కానీ లస్టర్ డస్ట్‌లో ఉన్న అభ్రకం ఎంత మంచిదైనా నీళ్లలో కరగదు, రాగి పొడీ కరగదు, కాబట్టి డస్ట్‌కి ఈ టెస్ట్ వల్ల ఏమీ తెలీదు. గ్లిటర్ ఇంట్లోనే చేసుకోవచ్చు, గమ్ అరబిక్ పొడి నీళ్లలో కలిపి, తినే పెర్ల్ డస్ట్ చిటికెడు వేసి, సిలికాన్ మ్యాట్ మీద పల్చగా పూసి ఆరనిస్తే పెచ్చులుగా లేస్తుంది, నలిపి జల్లెడ పడితే సరి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఇంకో చిక్కు. యూరప్‌లో ఆహార భద్రత సంస్థ 2021లో టైటానియం డయాక్సైడ్‌ని ఆహారంలో ఇకపై సురక్షితమని చెప్పలేమంది, డీఎన్ఏకి హాని చేసే అవకాశాన్ని కొట్టిపారేయలేం అన్నది కారణం. 2022లో యూరోపియన్ యూనియన్ దాన్ని ఆహారంలో నిషేధించింది, ఆ ఏడాది ఆగస్టు దాకా గడువిచ్చారు. దాంతో జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో ఉండే చెల్లెలు "అక్కా నువ్వు చెప్పిన తెల్ల పెర్ల్ ఇక్కడ దొరకట్లేదు, దొరికింది అంతగా మెరవట్లేదు" అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, తెల్ల మెరుపుకి టైటానియం పూతే ఆధారం, ముదురు బంగారం, రాగి ఐరన్ ఆక్సైడ్‌తో వస్తాయి కాబట్టి వాటికి అంత దెబ్బ తగల్లేదు. అమెరికాలో మాత్రం అభ్రకం ఆధారిత రంగులకి మిఠాయిలు, ఫ్రాస్టింగ్ లాంటివాటిలో బరువులో 1.25 శాతం దాకా అనుమతి ఉంది. ఇండియాలోనూ టైటానియం డయాక్సైడ్‌ని నిషేధించలేదు. ఇక్కడి నుంచి సూట్‌కేసులో డబ్బాలు పంపేవాళ్లు అక్కడ కేకులు అమ్ముతున్నట్టయితే ఈ తేడా చూసుకోవాలి.

వెండి దగ్గర ఇది తిరగబడుతుంది. కేకుల మీద వేసే వెండి గుండ్లని అమెరికాలో తినే వస్తువుగా ఒప్పుకోరు, డెకరేషన్ మాత్రమే. మనం కాజు కత్లీ మీద వెండి రేకు ఎప్పట్నుంచో తింటున్నాం, చార్మినార్ సందుల్లో సుత్తితో టకటకా వర్ఖ్ కొట్టే చప్పుడు విన్నవాళ్లు చాలామంది ఉంటారు. దానికి ఇక్కడ రూల్ ఉంది, ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో తెచ్చింది, వెండి స్వచ్ఛత వెయ్యికి 999 ఉండాలి, తయారీలో ఏ దశలోనూ జంతు సంబంధమైంది వాడకూడదు, పాతరోజుల్లో తోళ్ల పొరల మధ్య పెట్టి కొట్టేవాళ్లు కాబట్టి ఆ షరతు. షుగర్ పూల మీద అసలైన లోహపు వెండి మెరుపే కావాలంటే నాకు హైలైటర్ కంటే ఈ రేకే నయం అనిపిస్తుంది, ఆకుల అంచులకి, కుందన్ డిజైన్లకి బాగా కూర్చుంటుంది. అల్యూమినియం రేకు కల్తీ ఉంటుంది కాబట్టి నమ్మకమైన చోట కొనాలి.

చివరిగా వాతావరణం. పైన చెప్పినవన్నీ హైదరాబాద్ జనవరిలో ఎవరైనా చేసేస్తారు. విశాఖ, కాకినాడ ఉక్కలో గమ్ పేస్ట్ గాల్లో తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, మెరుపు రాసిన చోట పట్టుకుంటే వేలిముద్ర పడుతుంది. పేస్ట్‌లో సీఎంసీ (ముద్దని గట్టిపరిచే పొడి) కాస్త పెంచి, ఏసీ గదిలో ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో పెట్టుకోవాలి, పొట్లం పీసులకి తగలకుండా. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, బయటికి తీయగానే చల్లటి షుగర్ మీద నీటి బొట్లు పడతాయి, ఒక్కో బొట్టు జారిన చోట బంగారం కడుక్కుపోయి గీత పడుతుంది. క్రీమ్ కేక్ ఫ్రిజ్‌లో ఉండక తప్పదు కదా అంటే, కేక్‌ని విడిగా, పూలని విడిగా డబ్బాలో తీసుకెళ్లి ఫంక్షన్ హాల్లో కటింగ్‌కి అరగంట ముందు అమర్చండి, కాస్త మిగిలిన డస్ట్, ఒక మెత్తటి బ్రష్ వెంట పెట్టుకుంటే దారిలో చెదిరిన చోట్ల అక్కడే ఒకసారి తుడిచేయొచ్చు.